చుక్కమ్మ దుప్పటి

మా యింట ఒక ముసలి పిల్లి కలదు. దాని పేరు చుక్కమ్మ. ఒడలెల్ల తెలుపు, నుదుట మాత్రము ఎవరో కాటుక వ్రేలితో అద్దినట్లు ఒక నల్లని చుక్క. 2013వ సంవత్సరపు వానకాలమున మా పెరటి కొబ్బరిమట్టల గుట్ట క్రింద, తల్లి లేని కూనగా అది మాకు దొరకెను. అప్పటికింకను దాని కన్నులు సరిగా విచ్చలేదు. పసిబిడ్డలకు మందు పోయు గొట్టముతో చుక్కచుక్కగా పాలు పోసి మా అమ్మ దానిని బ్రతికించెను. పేరు పెట్టినదియు ఆమెయే.

మా ఊరు నరసాపురమునకు సమీపమున, వశిష్ఠ గోదావరి గట్టున ఉన్నది. గోదావరి డెల్టాలో చలి యేమి చలియని ఉత్తరదేశమువారు నవ్వవచ్చును. నిజమే, మాకు నీరు గడ్డకట్టదు. కాని ధనుర్మాసమున తెల్లవారుజామున కాలువలమీదనుండియు వరిచేలమీదనుండియు లేచు పొగమంచు గోడలనంటి, గచ్చునంటి, ఆరవేసిన బట్టలనంటి, తుదకు ఎముకలలోనికి దిగును. ఈ తడిచలి ముసలివారికే బాగుగ తెలియును. 2024 డిసెంబరులో అది చుక్కమ్మకును తెలిసెను. కిటికీ అరుగుమీదికి ఒక్క గంతున ఎక్కు పిల్లి, ఎక్కబోయి ఆగి, ముందు కాళ్లు గోడకానించి, మరల క్రిందనే కూర్చుండి, ఏమియు జరుగనట్లు పాదము నాకుకొనుచుండెను. పిల్లులకు అభిమానము మెండు.

పశువైద్యుడు దాని నడుమును, కాళ్లను తడిమి చూచి, "కీళ్లు అరిగినవి. మందు ఇచ్చెదను. చలి మాత్రము తగులనీయకుడు" అనెను. మనుష్యుని ఒంటివేడి 37 డిగ్రీల సెల్సియస్ కాగా, పిల్లికి 38 మొదలు 39 వరకు ఉండును. మనకు హాయిగా తోచు గది దానికి చల్లని గదియే.

పూర్వము పిల్లులకు ఈ బాధ లేదు. రాత్రి వంట ముగిసి నిప్పు చల్లారిన పిమ్మట అవి పొయ్యిలోని వెచ్చని బూడిదలో పండుకొని, తెల్లవారి ఇల్లాలు పొయ్యి రాజవేయ వచ్చినప్పుడే లేచెడివి. ఒక యింట ఆ పూట వంట లేదనుటకు "పొయ్యిలో పిల్లి లేవలేదు" అని మనవారు చెప్పుట అందుచేతనే. మా యింట గ్యాసు పొయ్యి వచ్చి చాల కాలమైనది. దేవుని దయవలన మాకు వంట తప్పలేదు గాని, పిల్లికి పొయ్యి తప్పినది.

మొదట పాత చీరల బొంత పరచితిని. అది పొగమంచుకు చెమ్మగిల్లి, ఉతికినచో రెండు దినములకును ఆరకుండెను. అప్పుడు నాకొక ఆలోచన తోచెను. పాలకొల్లు అంగడిలో త్వరగా ఆరెడి కృత్రిమపు ఊలు దొరకును. దానితో లేసువలెనే కొక్కెపు సూదితో ఒక చిన్న దుప్పటి అల్లినచో నేమి? 50 గ్రాముల ఉండలు అయిదును, 5 మిల్లీమీటర్ల లావు సూది ఒకటియు కొని తెచ్చితిని. ఊలు గోధుమవన్నెది. తెల్లని దారమును మరల మా యింటికి తెచ్చుటకు నాకు మనసొప్పలేదు. దానికి కారణము చెప్పవలెనన్నచో మా అమ్మ సంగతి చెప్పవలెను.

నరసాపురము, పాలకొల్లు ప్రాంతముల లేసు పేరు మీరు వినియుందురు. పందొమ్మిదవ శతాబ్దమున క్రైస్తవ మిషనరీల ద్వారా ఈ పని మా ప్రాంతపు స్త్రీలకు అలవడెనని చెప్పుదురు. దీనిని ఆంగ్లేయులు "క్రోషే" అందురు. ఆ మాటకు ఫ్రెంచి భాషలో చిన్న కొక్కెమని అర్థము. ఐర్లండు దేశమున 1845 మొదలు కొన్నియేండ్లు ఘోరమైన క్షామము వచ్చినప్పుడు అచ్చటి బీదస్త్రీలును ఈ కొక్కెముతోనే పొట్ట పోసికొనిరి. ఊలు చొక్కాలు అల్లువారికి రెండు సూదులు ఉండును. కుట్లన్నియు సూదిమీద వరుసగా నిలిచియుండును. లేసు అల్లికలో సూది ఒక్కటే. పని ఎంత పెద్దదైనను ప్రాణముతో ఉండునది చివరి ముడి ఒక్కటే. అందుండి సూది తీసి దారము కొస లాగినచో నెల దినముల పని నిమిషములలో విడిపోవును.

మా అమ్మ తన పదవయేట, 1963లో, ఈ సూది పట్టెను. 2019లో నీటికాసుల జబ్బువలన చూపు మందగించువరకు విడువలేదు. మిల్లీమీటరుకంటె సన్నని సూది, వెండ్రుకవంటి తెల్లని దారము. పొద్దున వంట ముగిసినంతనే గుమ్మములో వెలుతురున్నచోట కూర్చుండెడిది. వీధిలోని స్త్రీలందరును అటులనే కూర్చుండెడివారు. నోటితో మాటలు, చేతితో అల్లిక. ఏజెంటు నూలు లెక్కచూచి ఇచ్చును. అల్లిన దానిని మరల లెక్కచూచి తీసికొనును. ఇంతకింతయని కూలి యిచ్చును. ఆ పువ్వులు, ఆ చక్రములు, ఆ బల్లగుడ్డలు ఓడలెక్కి ఏ దేశమునకో పోవును. మా అమ్మ తన జీవితమున ఎన్ని బల్లగుడ్డలు అల్లెనో ఆమెకే తెలియదు. మా యింట బల్లయే లేదు.

మరియా మీస్ అను జర్మను సామాజిక శాస్త్రజ్ఞురాలు నరసాపురపు లేసు స్త్రీలను గూర్చి ఒక గ్రంథము వ్రాసి 1982లో ప్రకటించెను. ఈ స్త్రీలు లోకమంతటి విపణికి సరకు తయారుచేయుచున్నను, ఇంటి పట్టుననుండు గృహిణులు తీరికవేళ చేసికొను పనిగానే దీనిని అందరును ఎంచుచున్నారనియు, అందుచేతనే కూలి అంత తక్కువయనియు ఆమె చూపెను. ఆ గ్రంథమును నేను చాల ఆలస్యముగా చదివితిని. చదివి, ఆ విషయము మా అమ్మతో చెప్పగా ఆమె, "తీరికయా? అదెట్లుండునో నాకును చూడవలెననియున్నది" అని నవ్వెను. 2024లో నరసాపురపు లేసుకు భౌగోళిక గుర్తింపు లభించినదని పత్రికలో చదివి వినిపించితిని. "మంచిది. కూలి పెరిగినదా?" అని అడిగెను. నేను పత్రిక మడిచితిని.

నాకు మాత్రము ఆమె ఆ పని నేర్పలేదు. నేను సూది ముట్టినచో, "నీ చేతికి పలక చాలును" అని లాగికొనెడిది. అందుచేతనే నేడు నేను బడిలో గణితము చెప్పుచున్నాను. అందుచేతనే నరసాపురపు బిడ్డనైయుండియు ఒక ముడి వేయుట యెరుగను.

ఇక తెల్లని దారము సంగతి. చుక్కమ్మ మా యింటికి వచ్చిన యేటనే, కార్తికమాసమున, ఒకనాడది తిండి మాని మూల కూర్చుండెను. క్రక్కుటకు యత్నించుచుండెనే గాని ఏమియు రాదాయెను. పట్నములో పశువుల ఆసుపత్రికి కొనిపోగా వైద్యుడు దాని నోరు తెరచి చూపెను. నాలుక క్రింద సన్నని తెల్లని దారము చిక్కుకొనియున్నది. రెండవ కొస కడుపులోనికి పోయినది. మా అమ్మ వణకుచు, "లాగివేయుడయ్యా" అనగా ఆయన వారించెను. లాగినచో దారము ప్రేవులను కోసివేయునట. పిల్లి నాలుకను మీరు తాకియున్నచో అది గరుకుగా ఉండుట యెరుగుదురు. దానిపై మన గోళ్లవంటి పదార్థముతో చేయబడిన చిన్న చిన్న కొక్కెములు వందలుగా ఉండును. అవన్నియు గొంతువైపునకే వంగియుండును. ఒకసారి దారము వానికి తగులుకొనినచో పిల్లి దానిని ఉమ్మివేయలేదు, మ్రింగవలసినదే. చిత్రములలో పిల్లి దారపుటుండతో ఆడుకొనుట ముచ్చటగా చూపుదురు. ఆ ముచ్చట వెనుక ఇంత అపాయమున్నదని నాడే మాకు తెలిసెను. శస్త్రచికిత్స జరిగెను. చుక్కమ్మ బ్రతికెను. ఆ వైద్యము ఖర్చు మా అమ్మకు ఎన్ని నెలల కూలియో నేను లెక్కవేసితిని గాని ఆమెకు చెప్పలేదు. ఆనాటినుండి మా యింట దారము మూతగల ఇత్తడి డబ్బాలో తప్ప మరెక్కడను ఉండలేదు. చుక్కమ్మ తన ఒడిలోనికి వచ్చినచో మా అమ్మ మొదట సూది, దారము డబ్బాలో పెట్టి మూత వేసి, ఆ పిమ్మటనే దానిని నిమిరెడిది.

సరే, నేను దుప్పటి మొదలుపెట్టితిని. సెల్‌ఫోనులో ఎవరో చూపుచుండగా చూచి 80 ముడుల గొలుసు వేసి, దానిపై వరుస వెంబడి వరుస అల్లుకొని పోయితిని. నాలుగు రాత్రులలో 30 వరుసలు పూర్తియైనవి. నా ఆనందమునకు మేర లేదు. దీపము క్రింద పరచి చూచితిని. దుప్పటి ఒక కొసన రెండడుగుల వెడల్పున నుండి, రెండవ కొసన ఒకటిన్నర అడుగైనను లేదు! పైగా నాకు అందముగా తోచుననుకొని నడుమ నడుమ చిల్లులు విడిచి పువ్వులవంటివి కల్పించితిని. గణితము బోధించు దానను గదా, బహుభుజముల పేర్లు నాకు వచ్చును. ఇది సమలంబ చతుర్భుజము.

మా అమ్మ మంచముమీద కూర్చుండియుండెను. ఆమెకు ఆకారములు మసకగా తెలియును గాని ముడులు కనబడవు. "ఇటు తెమ్ము" అని చేయి చాచెను. నేను సిగ్గుపడుచు ఇచ్చితిని. ఆమె ఒక అంచును బొటనవ్రేలితో తడుముచు క్రిందినుండి పైకి పోయెను.

"చాల వరుసలలో కడపటి ముడి విడిచిపెట్టుచున్నావు. దాదాపు ఇరువది తగ్గినవి. లెక్కించుకొనుము."

లెక్కించితిని. 61 ఉన్నవి.

"ఈ చిల్లులెందుకు?"

"అందమునకు."

"పిల్లి గోరు అందు తగులుకొనదా? ముసలిదానికి గోరు లోనికి ముడుచుకొను సత్తువ తగ్గును. తగులుకొనినచో బెదరి లాగును, కీలు పట్టుకొనును. దానికి కావలసినది పువ్వులు కాదమ్మాయీ, వెచ్చదనము. ముడిప్రక్క ముడి కూరినట్లు పోవలెను." ఇట్లని, నా అనుమతి అడుగకయే, సూది తీసివేసి కొస పట్టి లాగెను. నాలుగు రాత్రుల పని జరజర విడిపోయి ఆమె ఒడిలో కుప్పయైనది.

నాకు కోపము వచ్చెను. అంతలో ఆమె వ్రేళ్లు ఆ లావు సూదిని ఇటునటు త్రిప్పి చూచుటయు, "ఇదియేమి సూది, గరిటెవలె ఉన్నది" అనుటయు, ఊలు ఎడమచేతి చూపుడువ్రేలికి చుట్టుకొనుటయు జరిగినవి. అయిదేండ్లకు ఆమె చేతిలో సూది కదలుట చూచితిని. నా కోపము ఎటు పోయెనో తెలియదు.

లావు ఊలు గనుక ఆమెకు కన్నుల అక్కర లేకపోయెను. వ్రేలితోనే ముడి తెలియును. వరుస చివర రాగానే ఆగి, బొటనవ్రేలితో కడపటి ముడిని వెదకి, అందు ఒక కుట్టు వేసి త్రిప్పెడిది. నేను ప్రక్కన కూర్చుండి లెక్క చెప్పవలెను. "ఎనుబదియా?" "ఎనుబదియే." దినమునకు ఎనిమిది వరుసలకంటె ఎక్కువ అల్లలేదు. వ్రేళ్లు నొచ్చుచున్నవని ఆమె చెప్పలేదు, నేనే కనిపెట్టితిని. సాయంకాలము వీధిలోనివారు వచ్చి చూచి, "ఎవరి ఆర్డరు?" అని అడిగెడివారు. పిల్లికని చెప్పగా కొందరు నవ్విరి. ఒకామె, "ఇంత ఊలుతో మనుమనికి స్వెట్టరు కాదా?" అనెను. "మా మనుమడు బెంగుళూరులో ఉన్నాడు, వానికి కొనువారున్నారు" అని మా అమ్మ సూది ఆపకయే జవాబు చెప్పెను.

మూడవనాటి రాత్రియో, నాలుగవనాటి రాత్రియో, నా నోట ఒక మాట వచ్చెను. పరిహాసమునకే అంటిననుకొంటిని. కాని ముప్పదియెనిమిదేండ్లుగా లోపలనున్న మాట పరిహాసమెట్లగును? "నాడు నా పరికిణీ అంచుకు జానెడు లేసు అల్లుమని ఏడ్చితిని. అల్లలేదు. నేడు పిల్లికి దుప్పటియే అల్లుచున్నావు" అంటిని. అది 1986 సంక్రాంతి నాటి మాట. నేనప్పుడు అయిదవ తరగతి చదువుచుంటిని. "ఆ నూలు మనది కాదు తల్లీ" అని మాత్రమే ఆమె నాడు చెప్పెను. పండుగనాడు నేను ఆ పరికిణీ కట్టక పాతది కట్టుకొని తిరిగితిని.

సూది ఆగెను. వరుస నడుమ ఆమె ఆగుట నేనెన్నడును చూడలేదు.

"అల్లితిని" అనెను.

నేను మాటాడలేదు.

"జానెడు కాదు. రెండు మూరలు. నీవు నిద్రించిన తరువాత అల్లెడిదానను. పని అంతయు అయిన పిమ్మట కొంచెము నూలు మిగులుననుకొంటిని. మామిడిపిందెల అంచు. భోగి ముందునాడు సరకు ఇయ్యవలెను. నా లెక్క తప్పినది. ఒక చక్రమునకు నూలు చాలలేదు. అడిగినచో కూలిలో పట్టుకొందురు. పండుగకు బియ్యము, బెల్లము ఆ కూలితోనే తేవలెను. అందుచేత నీ అంచు కొస పట్టి లాగితిని." కొంతసేపు ఊరకుండి, "ఎంతసేపో పట్టలేదు" అనెను. మరల సూది కదలెను. "లెక్క చెప్పుము. ఎక్కడ ఆగితిమి?"

నాకు లెక్క తప్పిపోయినది. ఆ వరుస ఆమెయే మొదటినుండి తడిమి లెక్కించుకొనెను.

తొమ్మిదవనాటికి 72 వరుసలు పూర్తియైనవి. రెండడుగుల పొడవు, ఒకటిన్నర అడుగుల వెడల్పు. కుచ్చులు పెట్టుదమని నేననగా ఆమె ఇత్తడి డబ్బావైపు చూచెను. ఆ మాట నేనే మ్రింగితిని. ఊలు కొసలను కత్తిరించి విడువక, ప్రతి కొసను లావు సూదిలో ఎక్కించి, ముడుల లోపల రెండంగుళములు ముందుకు, మరల రెండంగుళములు వెనుకకు పోనిచ్చి దాచెను. ఆ తరువాత దుప్పటి నాలుగు మూలలను రెండు చేతులతో పట్టి బలముగా గుంజి, ఏ కొసయైనను పైకి వచ్చునేమోనని తడిమి చూచెను. ఒకటి వచ్చెను. దానిని మరల దాచెను. అల్లుటకంటె దాచుటయందే ఆమె ఎక్కువ శ్రద్ధ చూపినదని చెప్పవలెను.

దుప్పటిని చుక్కమ్మకు ఇష్టమైన మూల, గోనెసంచిమీద పరచితిమి. చుక్కమ్మ వచ్చి, నాలుగు మూలలు వాసన చూచి, దుప్పటి దాటి పోయి, అది తెచ్చిన అట్టపెట్టెలో పండుకొనెను. మా అమ్మకు కన్నులు కనబడకున్నను సంగతి తెలిసినది. "ఎక్కడ పండుకొన్నది?" అని అడుగక, "పెట్టెలోనా?" అనెను. మరునాడును అంతే. నాలుగు దినములు అట్లే జరిగెను. నేను పెట్టె పారవేయుదుననగా, "దాని యిష్టము దానిది, ఊరకుండుము" అనెను. కాని పగలు ఆ దుప్పటిని తన ఒడిలో వేసికొని కూర్చుండుట నేను గమనించితిని. పిల్లికి పరిచయమైన వాసన కావలెనని ఆమెకు ఎవరును చెప్పలేదు.

అయిదవ రాత్రి చలి ఎక్కువగా ఉండెను. తెల్లవారుజామున నాకు మెలకువ వచ్చి చూడగా మూలనుండి సన్నని గురగుర వినబడుచున్నది. చుక్కమ్మ దుప్పటిమీద నిలుచుండి, ముందు కాళ్లతో ఒకటి తరువాత ఒకటిగా దానిని పిసుకుచున్నది. పాలు త్రాగునాడు కూనలు తల్లి పొట్టను అట్లే పిసుకును; పెద్దవైనను కొన్నిటికి ఆ అలవాటు పోదు. దీనికి తల్లి లేదు. దీనికి తెలిసినది మా అమ్మ ఒడియే. దాని గోళ్లు ముడులలో దిగుచున్నవి, వచ్చుచున్నవి, ఒక్కటియు తగులుకొనలేదు. కొంతసేపటికి అది మూడుమార్లు తిరిగి, ముడుచుకొని, పండుకొనెను.

"పండుకొన్నదా?" అని చీకటిలో మా అమ్మ గొంతు. ఆమెయు నిద్రపోలేదు.

"పండుకొన్నది."

ఆమె మంచము దిగి, గోడ పట్టుకొని వచ్చి, నేలపై కూర్చుండి, చేతితో మెల్లగా తడిమెను. తల, చెవులు, వీపు, వెనుక కాళ్లు. ఆమె చేయి దుప్పటి అంచు దాటి చల్లని గచ్చుమీద ఆగెను.

"తోక బయటనున్నది" అనెను. "ఊలు ఎంత మిగిలినది?"

"అర ఉండకంటె కొంచెము ఎక్కువ."

"నాలుగు వరుసలు వచ్చును. తెల్లవారనిమ్ము. అది లేచిన తరువాత అల్లుదము." ఒక్క నిమిషము ఆగి, "సూది డబ్బాలోనే ఉన్నదా? మూత వేసితివా?" అని అడిగెను.

నేను లేచి పోయి చూచివచ్చితిని. మూత వేసియే ఉన్నది.